సరిహద్దు ఊళ్లలో మన గ్రూపు: పెట్టడం ఎలా, నిలబెట్టడం ఎలా

ట్రాన్స్‌జెండర్ల కోసం మేం నడిపే మా వాట్సాప్ గ్రూపులో రోజూ అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మెసేజ్ ఒకటే: "తిన్నావేటి?" కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం దీన్ని చూసి నవ్వుకుంటారు. ఆపరేషన్ల గురించి, చట్టాల గురించి ఏదో తెలుస్తుందని వస్తే ఇక్కడ పప్పులో ఉప్పు ఎక్కువైన కబుర్లు. రెండో నెలకి వాళ్లే పొద్దున్నే అడుగుతుంటారు.

నేను ఒడిశా అంచున పర్లాకిమిడిలో ఉంటాను. గ్రూపులో గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వాళ్లు ఉన్నారు. ఇద్దరు అటు మహారాష్ట్రలో బల్లార్షా వైపు నుంచి చేరారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఒడిశాలో పడింది, రోడ్డు దాటితే వచ్చే పాతపట్నం ఇప్పటి ఆంధ్రా వైపు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. విశాఖ గ్రూపుల్లో చేరితే అక్కడి పింఛన్ల గురించి మాట్లాడుకుంటారు, అవి మనకు రావు. భువనేశ్వర్ గ్రూపుల్లో మనకు వర్తించేవే చెబుతారు గానీ మనసులో మాట ఒడియాలో చెప్పుకోవడానికి నోరు తిరగదు. అందుకే సొంత గ్రూపు. మీరూ పెట్టుకోవాలనుకుంటే మేం పడుతూ లేస్తూ నేర్చుకున్నది ఇది.

మొదటి అడుగు: ముగ్గురితో మొదలుపెట్టండి

లింకు పెట్టి అందరినీ రమ్మనకండి. మేం మొదటిసారి అదే చేశాం. నాలుగు రోజుల్లో తొంభై మంది చేరారు, అందులో సగం మంది "రేటెంత" అని అడిగే మగాళ్లు. మూసేసి మళ్లీ మొదలుపెట్టాం.

ఈసారి ముగ్గురం. ఒకరినొకరు ఎదురుగా చూసినవాళ్లం. కొత్తవాళ్లు కావాలంటే ఉన్నవాళ్లలో ఒకరు "నాకు తెలుసు" అని పూచీ ఇవ్వాలి. ఆ తర్వాత అడ్మిన్లలో ఒకరు వీడియో కాల్ చేసి అయిదు నిమిషాలు మాట్లాడతారు. చీర కట్టుకున్నారా, గడ్డం ఉందా అని చూడటానికి కాదు ఆ కాల్. మనిషి నిజమా కాదా అని తెలుసుకోవడానికి. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పనివాళ్లు మీసంతోనే కాల్‌లోకి వస్తారు, అందులో తప్పేమీ లేదు. పద్దెనిమిది నిండనివాళ్లను చేర్చుకోకండి. అలాంటి పిల్లలు ఇంట్లో దెబ్బలు తింటున్నామని రాస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయించండి, పక్కన ఉండి చేయించండి.

నలభై దాటితే గ్రూపులో ఎవరు మాట్లాడటం మానేశారో కనిపెట్టలేం. మేం ముప్పై నాలుగు దగ్గర ఆగాం.

రెండో అడుగు: ఫోన్ సర్దుకోవడం

మనలో చాలామంది ఫోన్ ఇంట్లో అన్నయ్య చేతిలోనో, తమ్ముడి చేతిలోనో కూడా ఉంటుంది. అందుకని గ్రూపులో చేరగానే ప్రతి ఒక్కరి చేతా ఇవి చేయించండి. గ్రూపు పేరు మామూలుగా పెట్టండి, మాది "కుట్టు క్లాసు". వాట్సాప్‌లో ఆ చాట్‌కు లాక్ వేయాలి. నోటిఫికేషన్‌లో మెసేజ్ కనిపించకుండా ఆపాలి. మీడియా విజిబిలిటీ ఆపేయాలి, లేకపోతే ఎవరో పెట్టిన చీర ఫొటో నేరుగా గ్యాలరీలోకి వెళ్లి, పెళ్లి ఫొటోలు చూస్తున్న వదిన కంట పడుతుంది. ఇది మా గ్రూపులో జరిగింది. మెసేజ్‌లు ఏడు రోజుల్లో వాటంతటవే పోయేలా అడ్మిన్ పెట్టేయవచ్చు. కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలనే సెట్టింగ్ కూడా ఆన్ చేయండి.

వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. నంబరు ఇవ్వడానికి భయపడేవాళ్లకు టెలిగ్రామ్ మేలు, అందులో నంబరు దాచుకోవచ్చు. కానీ టెలిగ్రామ్ గ్రూపు చాట్‌లకు వాట్సాప్‌లో ఉండేలాంటి ఎండ్ టు ఎండ్ రక్షణ (చాట్‌లో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని ఏర్పాటు) లేదు, కాబట్టి ఆధార్ ఫొటోల్లాంటివి అందులో పెట్టకండి. అసలు ఎందులోనూ గ్రూపులో పెట్టకండి.

ట్రూకాలర్‌ను మర్చిపోవద్దు. మీరు లావణ్య అన్న కొత్త పేరుతో మాట్లాడుతుంటే అవతలివాళ్ల ఫోన్‌లో మీ పాత పేరు మెరుస్తుంది, ఎవరో ఎప్పుడో అలా సేవ్ చేసుకున్నారు గనక. మీ నంబరుతో ట్రూకాలర్‌లోకి వెళ్లి పేరు మార్చుకోండి, లేదా నంబరు అందులోంచి తీయించండి. రీఛార్జి చేయక రెండో సిమ్ పోయిందంటే కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఎవరైనా నెల రోజులు కనబడకపోతే ఫోన్ చేసి చూసి, తేలకపోతే గ్రూపులోంచి తీసేయండి. మళ్లీ వస్తే మళ్లీ చేర్చుకోవచ్చు.

మూడో అడుగు: ఏ భాషలో, ఏమని పిలవాలి

ఇది అన్నిటికన్నా తేలిక అనుకున్నాం, దీని మీదే ఎక్కువ రోజులు కొట్టుకున్నాం.

మొదటి చిక్కు లిపి. మా వాళ్లలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఒడియా మీడియంలో చదివారు. తెలుగు అక్షరాల్లో పెద్ద మెసేజ్ పెడితే వాళ్లకు అది గోడే. వాయిస్ పెడదామంటే, గొంతు వినిపించడం ఇష్టం లేనివాళ్లు ఉన్నారు. "ఫొటోలో నేను అమ్మాయినే, వాయిస్ పెడితే మా నాన్న అయిపోతాను" అంది గుణుపురం చెల్లి. చివరికి మూడూ నడుస్తున్నాయి: ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, తెలుగు లిపి, వాయిస్. ముఖ్యమైన సంగతి ఏదైనా లిపిలో పెడితే దాన్ని ఎవరో ఒకరు చదివి వాయిస్ పెట్టాలి. ఆ పని బరంపురం అక్క చేస్తుంది, వార్తలు చదివినట్టు చదువుతుంది.

రెండో చిక్కు క్రియలు. ఒడియాలో "సే ఆసిలా" అంటే వచ్చిన మనిషి ఆడో మగో తెలియదు. ఆఫీసులో ఒడియాలో మాట్లాడినంతసేపూ ఎవరి నాలుకా తడబడదు. మరాఠీలో మన నోరే మనల్ని పట్టిస్తుంది: "నేను వచ్చాను" అనడానికి మగవాళ్లు "మీ ఆలో" అనాలి, ఆడవాళ్లు "మీ ఆలే" అనాలి. బల్లార్షా వాళ్లిద్దరూ ఇంట్లో ఒకటి, బయట ఒకటి అంటూ రోజంతా లెక్క పెట్టుకుంటారు. తెలుగు మధ్యలో ఉంది. "వచ్చాను" అన్నప్పుడు మనకు ఏ బాధా లేదు. ఎదుటివాళ్లు "వచ్చాడు" అంటారా "వచ్చింది" అంటారా అన్న దగ్గర వస్తుంది టెన్షన్.

కాబట్టి నియమం ఇది. చేరిన రోజే అడగండి: అక్కా, చెల్లీ, అన్నా, తమ్ముడా, ఒట్టి పేరా? చెప్పినట్టే పిలవండి. ఇంకా తేల్చుకోనివాళ్ల గురించి మాట్లాడాల్సి వస్తే "తను వచ్చారు" అనండి. ఆ "రు" అందరికీ సరిపోతుంది, పైగా గౌరవం. పొరపాటున నోరు జారితే సరిదిద్దుకుని ముందుకెళ్లండి. పది నిమిషాలు క్షమాపణ చెబితే అవతలి మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇంట్లోవాళ్ల సంగతి వేరు. రాయగడ చెల్లి వాళ్లమ్మ ఆరేళ్లు పేరు పెట్టి పిలవలేదు. ఓ రోజు వాళ్ల తమ్ముడి ఫోన్‌లో వెనక నుంచి అడగడం వినిపించిందట: "అది తిన్నాదేటి?" బయటివాళ్లు "అది" అంటే వస్తువును అన్నట్టుంటుంది. మా వైపు ఇంట్లో ఆడపిల్లను అనేదీ అదే మాట. ఆ చెల్లి ఆ ముక్కను మాకు పది సార్లు చెప్పింది.

ట్రాన్స్ అబ్బాయిలు చేరితే వాళ్లను ఈ అక్కల గోలలో వదిలేయకండి. మాకు ముగ్గురున్నారు, ఆరు నెలలు నోరు విప్పలేదు. వాళ్లకు వేరే చిన్న గ్రూపు పెట్టాక మాట్లాడటం మొదలైంది, ఇప్పుడు రెండింట్లోనూ మాట్లాడుతున్నారు.

నాలుగో అడుగు: మామూలు రోజులు

కష్టం వచ్చిన రోజునే తలుపు తట్టే గ్రూపులో ఎవరికీ ఎవరూ తెలియరు. మామూలు రోజుల్లో కబుర్లుంటేనే కష్టం రోజున ఫోన్ చేయబుద్ధవుతుంది. మాకు సోమవారం జాకెట్ల కొలతలు, బుధవారం వంటలు, శుక్రవారం ఏ సినిమా పాటైనా సరే. ఎవరు ఏ పని చేస్తారో ఒక పట్టిక ఉంది: టైలర్లు ఇద్దరు, బ్యూటీ పార్లర్ ఒకరు, ఆటో ఒకరు, పెళ్లిళ్లకు వంట చేసేవాళ్లు నలుగురు, రైళ్లలో అడుక్కునేవాళ్లు కొందరు. ఎవరి పనీ తక్కువ చేసి మాట్లాడకూడదు. "నువ్వు రైలు ఎక్కుతావు, నేను ఉద్యోగం చేస్తాను" అని ఒకసారి వచ్చింది, ఆ మాట అన్న మనిషినే వారం రోజులు పక్కన పెట్టాం.

బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఊరు ఊరంతా వేషాలు కడతారు. మగవాళ్లు చీర కట్టుకుని నడిచినా ఎవరూ తిరిగి చూడరు. ఇంట్లో చెప్పుకోలేని మా వాళ్లకు అదే మొదటిసారి పగటిపూట చీర కట్టుకునే రోజు. ముందు నెల నుంచి గ్రూపులో అదే చర్చ. మీ ఊళ్లో అలాంటి జాతర ఉంటే గ్రూపు ఎదురుగా కలవడానికి దాన్ని మించిన రోజు లేదు.

అయిదో అడుగు: డబ్బు

నెలకు యాభై రూపాయలు. ఇవ్వలేనివాళ్లు ఇవ్వనక్కర్లేదు, ఎందుకని అడగకూడదు. చిక్కు ఎక్కడంటే, ఫోన్‌లో డబ్బు పంపినప్పుడు బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. యాభై రూపాయలతో పాటు పాత పేరూ వెళ్తుంది. అందుకని అందరూ ఒక్కరికే పంపుతారు, ఆ ఒక్కరు నోరు కుట్టేసుకున్న మనిషి అయి ఉండాలి. ఖర్చు కూడా మనిషి చేతికి కాకుండా నేరుగా మందుల షాపుకో, ఆస్పత్రికో కడతాం. నెలాఖరున లెక్క ముద్దుపేర్లతో గ్రూపులో పెడతాం.

అప్పులు మాత్రం గ్రూపు డబ్బుతో ఇవ్వకండి. మేం ఒకసారి ఇచ్చాం, డబ్బూ పోయింది మనిషీ పోయింది.

ఆరో అడుగు: కాగితాలు, తోడు వెళ్లడం

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో మనల్ని మనం ఏమని చెప్పుకుంటామో అది మన హక్కని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల 2019 చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది, నియమాలు ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చాయి. గుర్తింపు సర్టిఫికెట్ జిల్లా కలెక్టర్ పేరు మీద వస్తుంది. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌జెండర్ పోర్టల్‌లో చేయాలి, ఫీజు లేదు. నియమాలు మారుతుంటాయి, కాబట్టి రెండేళ్ల కిందట తీసుకున్నవాళ్ల మాట పట్టుకుని వెళ్లకండి. దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో ఏ కాగితాలు అడుగుతున్నారో ముందు చదవండి.

సరిహద్దువాళ్లు తప్పు చేసేది ఒక దగ్గరే. 2020 నియమాల ప్రకారం ఏ కలెక్టర్‌కు దరఖాస్తు చేస్తామో ఆ జిల్లాలో వరసగా పన్నెండు నెలలుగా ఉంటూ ఉండాలి. మన ఇల్లు గజపతి జిల్లాలో, మనల్ని శిష్యులుగా చేర్చుకున్న గురువమ్మ ఇల్లు శ్రీకాకుళంలో, పని రైలులో. ఆంధ్రాలో 2024 నుంచి ట్రాన్స్‌జెండర్ల పింఛను నెలకు 4,000 రూపాయలైందని విని ఆధార్‌ను అటు మార్చుకున్నవాళ్లు ఉన్నారు. నిజంగా అక్కడే ఉంటుంటే మార్చుకోండి. ఇక్కడ రేషన్, అక్కడ పింఛను అని రెండు పడవల్లో కాళ్లు పెడితే ఏదో ఒక పరిశీలనలో రెండూ ఆగిపోతాయి. ఒడిశాలో ఉండేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛనులో మనకూ చోటుంది, ట్రాన్స్‌జెండర్ల కోసమే పెట్టిన స్వీకృతి పథకం ఉంది. వాటి గురించి జిల్లా సామాజిక భద్రతా అధికారి దగ్గర అడగాలి. మహారాష్ట్ర వైపు సమాజ్ కల్యాణ్ ఆఫీసు. అక్కడ కాగితాల మీద మనల్ని "తృతీయపంథీ" అని రాస్తారు, ఆ మాట గుర్తు పెట్టుకోండి.

వెళ్లే ముందు పేరు సంగతి తేల్చుకోండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, లింగం ఒక్కసారే. అందుకే పేరును కాగితం మీద ఇంగ్లీషులో, ఒడియాలో రాసి గ్రూపులో ఇద్దరికి చూపించండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావాళ్లు చివర రాస్తారు. జనసేవా కేంద్రంలో కుర్రాడు మన పేరు చివరి ముక్కను ఇంటిపేరు గడిలో వేసేస్తాడు. "రావు" ఇంటిపేరై కూర్చున్నవాళ్లు మా ఊళ్లో వీధికి నలుగురున్నారు. మాలో ఒకరికి సర్టిఫికెట్‌లో ఒక వరస, ఆధార్‌లో ఇంకో వరస పడి, బ్యాంకు ఖాతా సరిచేయడానికి ఏడు నెలలు పట్టింది. టైపు చేశాక స్క్రీన్ తిప్పించి చదవకుండా ఓకే చెప్పకండి. వరస ఇలా పెట్టుకోండి: మొదట సర్టిఫికెట్, తర్వాత ఆధార్, ఆ తర్వాత పాన్, బ్యాంకు.

ఆఫీసుకు ఎవరినీ ఒంటరిగా పంపకండి. ఇద్దరు వెళ్లాలి, ఒకరికి ఒడియా చదవడం రావాలి. ముగ్గురి కంటే ఎక్కువైతే గొడవకు వచ్చారనుకుంటారు. రసీదు నంబరు ఫొటో తీసి అడ్మిన్‌కు పంపండి. 2020 నియమాల ప్రకారం ముప్పై రోజుల్లో తేల్చాలి, తిరస్కరిస్తే తొంభై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100. సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ గురించి అడగండి, ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యానికి 2022లో ఒప్పందం జరిగింది. ఏ ఆస్పత్రిలో చేస్తున్నారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, సరిహద్దు దాటి విశాఖ వెళ్లేవాళ్లు మరీనూ.

ఏడో అడుగు: మందుల మాట

మా గ్రూపులో ఎవరూ మందుల డోసు రాయకూడదు. రాస్తే తీసేస్తాం. గర్భనిరోధక మాత్రలు రోజుకు మూడు నాలుగు మింగి ఛాతీ పెరుగుతుందని ఎదురుచూసిన చెల్లి మాకు తెలుసు. ఆ మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ ఎక్కువైతే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, సిగరెట్ అలవాటుంటే ఇంకా ఎక్కువ. ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా గ్రూపులో అడుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. నిర్వాణం (అంగం తీయించుకునే ఆపరేషన్) గురించి కూడా ఇదే మాట: డాక్టరు కాని దాయమ్మ చేతిలో అయినా, దొంగ క్లినిక్‌లో అయినా వద్దు.

హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్ష చేసి సలహా ఇచ్చే ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం. కండోమ్ చిరిగినా, బలవంతం జరిగినా హెచ్‌ఐవీ సోకకుండా వాడే పెప్ మందు 72 గంటల లోపే మొదలవ్వాలి. ఎంత తొందరగా వెళితే అంత మంచిది, సిగ్గుపడటానికి ఒక పూట కూడా ఖర్చు చేయకండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఎనిమిదో అడుగు: రాత్రి పూట

పండగ రాత్రులు చెడ్డవి. సంక్రాంతికి ఇంట్లో అందరినీ పిలిచి మనల్ని పిలవరు. మేం పండగ మూడు రోజులూ ఇద్దరిని రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండమంటాం, వంతుల వారీగా.

ఎవరైనా "ఇక చాలు", "అందరికీ సెలవు" లాంటి మాట పెడితే గ్రూపులో అందరూ ఒకేసారి సలహాల మీద పడకూడదు. ఒకరు వెంటనే ఫోన్ చేసి లైన్‌లో ఉండాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు, అడిగినందుకు లేని ఆలోచన రాదు. ఇంకొకరు ఆ ఊళ్లో దగ్గరగా ఉన్న మనిషిని కదిలించాలి. అందుకే చేరిన రోజే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక పేరు, ఒక నంబరు తీసుకుంటాం: నీకేమైనా అయితే ఎవరికి చెప్పమంటావు? కొందరు అమ్మ నంబరు ఇస్తారు, కొందరు టీ కొట్టు అతని నంబరు ఇస్తారు. ఆ జాబితా ఫోన్‌లో ఉండదు, కాగితం మీద ఇద్దరి ఇళ్లలో ఉంటుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకునే వీలుంది. ప్రాణం మీదికొస్తే 112.

తొమ్మిదో అడుగు: బెదిరింపులు

డేటింగ్ యాప్‌లో పరిచయమై, కలుద్దామని పిలిచి, నలుగురు చుట్టుముట్టి ఫొటోలు తీసి డబ్బు లాగడం మా వైపు కొత్త కాదు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. ఇవ్వకండి, చాట్ తీసేయకండి. స్క్రీన్‌షాట్లు, నంబరు, డబ్బు పంపి ఉంటే ఆ వివరాలు దాచి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ కింద నేరం. 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి పద్దెనిమిది నిండిన ఇద్దరు ఇష్టపడి కలవడం నేరం కాదు, స్వలింగ సంబంధాల మీద ఉండిన పాత సెక్షన్ పేరు చెప్పి "377 కేసు పెట్టిస్తా" అని బెదిరించేవాళ్లకు ఆ మాట చెప్పండి. కొత్త మనిషిని కలవడానికి వెళ్లేటప్పుడు లైవ్ లొకేషన్ గ్రూపులో ఒకరికి పంపి వెళ్లాలి. గంటకోసారి ఆ ఒకరు "తిన్నావేటి?" అని అడుగుతారు. "తిన్నాను" అంటే అంతా బాగుంది. "ఆకలి లేదు" అని వస్తే బయల్దేరుతాం. మీ మాటలు మీరు వేరేవి పెట్టుకోండి, ఇది అందరూ చదివేశాక మేమూ మార్చుకుంటాం.

పదో అడుగు: గొడవలు, తాళం చేతులు

ఏ గురువమ్మకు ఎవరు చేలా (శిష్యురాలు), ఎవరి ఏరియాలో ఎవరు అడిగారు అన్న తగాదాలు గ్రూపులోకి రానివ్వకండి. అవి జమాత్‌లో, అంటే గురువుల పంచాయితీలో తేలాలి. కులం పేరు ఎత్తి మాట్లాడినవాళ్లకు రెండో అవకాశం ఇవ్వడం మేం మానేశాం.

అడ్మిన్లు ముగ్గురుండాలి, ముగ్గురూ ఒకే ఊరివాళ్లు కాకూడదు. ఏడాదికి ఒకరు దిగి కొత్తవాళ్లు ఎక్కాలి. నాకు టైఫాయిడ్ వచ్చి రెండు వారాలు ఫోన్ పట్టకపోతే గ్రూపులో కొత్తవాళ్ల విన్నపాలు పదకొండు ఆగిపోయాయి, ఎందుకంటే అప్పుడు అడ్మిన్‌ని నేనొక్కదాన్నే. ఈ దసరాకి నేను దిగుతున్నాను. కాగితం జాబితా, లెక్కల పుస్తకం, రసీదు నంబర్లు అన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి గుణుపురం రైల్లో చెల్లికి పంపాలి. డబ్బాతో పాటు కొంచెం అరిసెలు కూడా పెట్టమంది.